పడమటికి పారే వాగు

శుక్రవారం సాయంత్రం నాలుగుంబావుకు, ఈ గల్ఫ్ దేశంలో మేముండే మహూజ్‌లోని మా ఫ్లాట్ తలుపు తట్టిన మనిషి ఫ్రాన్స్ దేశస్థుడు. హిద్ షిప్‌యార్డులో మా ఆయనతో కలిసి పనిచేశాడు. మా ఆయన పోయి అప్పటికి అయిదు నెలలు. ఉద్యోగం వదిలి సొంతూరికి వెళ్లిపోతున్నానని చెప్పడానికి వచ్చాడు. మా వంటింటి గోడకున్న ఊరి పటం, మ్యాపు, ఒకప్పుడు వాళ్ల నాన్నది. చూసుకోమని ఎప్పుడో మా ఆయనకు ఇచ్చాడు. దాని కోసం కూడా వచ్చాడని నాకు అర్థమైంది. అడగలేక చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

పటం వాళ్ల ఊరిది. అక్కడ కమ్యూన్ అంటారట, మన గ్రామ పంచాయతీ లాంటిది. చర్చి, నాలుగు వీధులు, సున్నపురాతి గుట్ట, వాగు, వాగు మీద పిండిమర. ఒకప్పుడు గుట్టంతా ద్రాక్షతోటలే. వేళ్లకు పురుగు పట్టి అవి ఎండిపోయాక సగం ఊరు పట్నాలకు వలసపోయింది. తర్వాత రైలు వచ్చింది, కొన్నాళ్లకు అదీ ఆగిపోయింది. బడి మూతపడింది. భోజనాల వేళ అతను చెప్పినవన్నీ మా ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పేవారు.

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం తెలుగు ప్రార్థన కూడిక నుంచి వచ్చి, చాయ్ తాగి, ఇద్దరం ఆ ఊళ్లో తిరిగేవాళ్లం. మా ఆయన వేలు పటం ఎడమ అంచున మొదలై, వాగు వెంట దిగుతూ, మర దాటి చర్చి దగ్గర ఆగేది.

"వాగన్నంక తూర్పుకే పోతది" అనేవారు. గోదావరి పక్కన పెరిగినవాళ్లం, నాకూ అనుమానం రాలేదు.

"మీరే తవ్వించినట్టు చెప్తున్నరు" అంటే నవ్వేవారు.

ఆ సాయంత్రం అతనికి మా దారి వేలితో చూపించాను. కాసేపు చూసి, వాగు అటు పారదని మెల్లగా చెప్పాడు. పడమటికి పారుతుందట. వాళ్ల సముద్రం అటే ఉంది. ఇన్నాళ్లూ మేము నీటికి ఎదురు నడుస్తూ, దిగుతున్నామనుకున్నాం. ఈ మాట మా ఆయనకు చెప్పాలని పడకగది వైపు తిరిగాను.

పటం నన్నే ఉంచుకోమన్నాడు. ఉంచుకుంటే ఒక్కదాన్నే తిరగాలి. నీళ్లు పారే వైపు తిరిగితే అది మేము తిరిగిన ఊరు కాదు. మేకులు తీసి, చుట్టి, అతని చేతికిచ్చాను. లిఫ్టు దాకా వెళ్లి వచ్చాను.

ఇప్పుడు శుక్రవారం చాయ్ తాగాక మా ఇంట్లోంచి ఎవరూ ఆ ఊరికి పోవడం లేదు.