నాన్నకు తెలియని హైడ్రోజన్ సల్ఫైడ్

ఈ ఉదయం కృష్ణానగర్‌లో డ్రైనేజీ తవ్వుతుంటే అందరూ ముక్కు మూసుకుని వెళ్తున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. అది హైడ్రోజన్ సల్ఫైడ్. మన టెన్త్ ల్యాబ్‌లో కుళ్లిన గుడ్ల వాసనను బట్టి గుర్తుపట్టిన ఆ వాయువు మీకూ గుర్తుండే ఉంటుంది.

ఎనభైల్లో ఒకరోజు పరీక్షనాళిక నా యూనిఫాం మీద ఒలికింది. ఇంటికి రాగానే పక్కింటి యాదమ్మ, "ఏంది బిడ్డా గీ వాసన, గుడ్లేమన్న కుళ్లినయా?" అంది. అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, నీళ్లు కాచడానికి వెళ్లింది. అంతలో నాన్న వచ్చారు. ఆయన సినిమా స్టూడియోలో పాటల చిత్రీకరణకు బొగ్గుల మీద సాంబ్రాణి వేసి పొగ పెట్టేవారు. నన్ను దగ్గరకు తీసుకుని, "ప్రయోగం బాగా చేశావా అమ్మా?" అని మామూలుగా అడిగారు.

"నాన్నా, నీకు వాసన రావట్లేదా?"

నా తల నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏడాది నుంచీ ఏ వాసనా తెలియట్లేదు. అమ్మకు చెప్పకు, ఈ పొగ పనికి వెళ్లనివ్వదు."

రెండు రోజులు నాకు కాలు నిలవలేదు. చదువుతూ చదువుతూ లేచి వెళ్లి, గ్యాస్ కట్టేశారో లేదో చూసొచ్చేదాన్ని. మూడో రోజు అమ్మకు చెప్పేశాను. నాన్న వారం పాటు నాతో మాట్లాడలేదు. తర్వాత సెట్లకు రంగులు వేసే పనిలో చేరారు. వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఒక ఆదివారం భోజనానికి కూర్చుని, అమ్మ వినకుండా నన్ను అడిగారు. "చారు వాసన ఎలా ఉందమ్మా?"

ఇంగువ, కరివేపాకు, కొత్తిమీర అంటూ ఒక్కొక్కటే చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, నెమ్మదిగా తిన్నారు.