మగ్గం గుంటలో శంకరమ్మ

గద్వాల సంస్థానం నేతగాడు వీరేశప్ప రోజూ మిట్టమధ్యాహ్నం మగ్గానికి దండం పెట్టి, కాళ్లు దించుకుని నేసే గుంటలోంచి లేస్తాడు. నాలుగేళ్ల కూతురు శంకరమ్మ బిగుసుకున్న కాళ్లకు నూనె రాసి, అవి ఒకదాని మీద ఒకటి కత్తెరలా పడకుండా మోకాళ్ల మధ్య పాతచీర చుట్ట పెట్టి, గోడలు ఆసరాగా ఆ గుంటలో నిలబెడతాడు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల తనంతట నిలబడలేదు, ఎడమ పిడికిలి విప్పలేదు.

"రోజు గిట్ల మగ్గం ఆపితే కోటకు పోవాల్సిన చీర ఎప్పుడైతది?" అంటుంది భార్య నాగమ్మ.

"జర ఆగే. కాళ్లు నేల పట్టనీ."

ఆవేళ పిల్ల మెల్లగా ఆ ఎడమ పిడికిలి విప్పి, ఎదురుగా ఉన్న అంచు పట్టుపోగులు పట్టి గుంజింది. నాలుగు తెగాయి.

"అయ్యో, పోగులు తెంపింది!" నాగమ్మ ఉరికొచ్చింది.

"తెంపనియ్యే! అతుకుడు నాకు రాదా? ఏ చేత్తో తెంపిందో చూడు!"

ఆయన గుంట ఒడ్డున కూర్చుని పోగులు అతుకుతున్నాడు. శంకరమ్మ మళ్లీ చెయ్యి చాపింది. ఈసారి నాగమ్మే ఒక పోగును ఆ వేళ్లకు అందేలా వంచింది.