నా పాదం మీద బరువు

మా ఊళ్లో ఒకావిడకు దయ్యం పట్టిందని వేపమండలతో కొడుతుంటే అడ్డంపడి తిట్టి వచ్చిన మనిషిని నేను. పొద్దుగూకాక స్మశానం పక్క దారిన పోవద్దని అందరూ అంటే, దగ్గర దారి కదా అని దాన్నే పట్టుకుని పోయేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది విన్నాక నన్ను వేరే లెక్కలో వేస్తారేమోనని ఇది ముందే చెబుతున్నాను.

ఎనభైల్లో సంగతి. మాది దాచేపల్లి దగ్గర పల్లెటూరు. నా భర్త వెంకటేశ్వర్లుకు ఒక పాత కారు ఉండేది. సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చిపోయే ఆఫీసర్లను కిరాయికి తిప్పేవాడు. ముందు సీటు బెంచీలాగా ఒకటే. గేరు స్టీరింగు పక్కనే ఉండేది.

ఆ రోజుల్లో ఆడదానికి కారు నేర్పడం ఏమిటని ఊరంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. కిరాయి లేని రోజున క్వారీ పక్క బీడులోకి తీసుకెళ్లేవాడు. నేను యాక్సిలరేటర్ తొక్కితే కారు ఎగిరి దూకేది. అప్పుడాయన దగ్గరికి జరిగి, తన కుడికాలు నా పాదం మీద పెట్టి మెల్లగా నొక్కేవాడు.

"తొక్కమాక సరోజా. అడుగు. ఇంజన్ని కాలితో అడగాలి," అనేవాడు.

బానెట్ ఎత్తి కూడా చూపించాడు. పెడల్ వెనక నుంచి ఒక వైరు సన్నటి గొట్టంలో దూరి కార్బురేటర్ దాకా పోతుంది. కాలు నొక్కితే వైరు లాగుతుంది, అక్కడున్న చిన్న రేకు తెరుచుకుంటుంది, గాలీ పెట్రోలూ లోపలికి ఎక్కువ పోతాయి. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. ఆ వైరు లేకపోతే ఎంత తొక్కినా ఇంజనుకు తెలియదని చెప్పాడు.

ఇప్పటి కార్లలో ఆ వైరే లేదట. పెడల్ ఎంత దిగిందో సెన్సార్లు కనిపెట్టి, కరెంటు రూపంలో కంప్యూటర్‌కు కబురు పంపుతాయట. ఒకటి తప్పు చెబితే పట్టుకోవడానికి రెండోది ఉంటుందట. మొన్న కొత్త కారు కొన్న మా అల్లుడు ఇదంతా విడమరిచి చెబుతుంటే, నాకు ఆ వైరూ, ఆ రోజూ గుర్తొచ్చాయి.

కామెర్లతో ఆయన పోయాడు. కారును పశువుల కొట్టం పక్కన పట్టా కప్పి నిలిపాం. అప్పుడప్పుడు మా మరిది వచ్చి బ్యాటరీ చచ్చిపోకుండా ఇంజను తిప్పి ఆపేసేవాడు. వానాకాలమంతా అది అక్కడే తడిసింది. నేను దాని దగ్గరికి పోలేదు. డోరు తీస్తే ఆయన బీడీ వాసన వస్తుందని భయం, రాకపోతే ఎట్లా అని ఇంకా భయం.

మిరప కోతలప్పుడు, ఒక పొద్దున, చేలో మా అత్తను రక్తపింజర కరిచింది. మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. కాలు అప్పటికే వాచింది. మంత్రం వేసే ఆయన్ని పిలుస్తామన్నారు కొందరు. బస్సు వెళ్లిపోయింది, మరిది మాచర్లలో ఉన్నాడు. నేను లోపలికెళ్లి కారు తాళాలు తెచ్చాను.

ఇంజను స్టార్టయింది. అత్తను వెనక సీట్లో పడుకోబెట్టాం. పక్కింటి రాములమ్మ పిన్ని ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది. గేరు వేసి కాలు మోపాను. పెడల్‌లో బిగువు లేదు. గుడ్డ మీద కాలు పెట్టినట్టు మెత్తగా పోయింది.

అంతలో నా పాదం మీద బరువు పడింది.

నొప్పి కాదు, తిమ్మిరి కాదు. ఒక పాదమంత బరువు, వెచ్చగా. అది మెల్లగా దిగింది, దానితోపాటు పెడల్ దిగింది, కారు కుదుపు లేకుండా కదిలింది. నేను పక్కకు చూడలేదు. చూస్తే పోతుందనిపించింది.

గురజాల రోడ్డు మీద రాళ్ల లారీల మధ్య నుంచి వెళ్లాం. ఎత్తు వచ్చిన చోట బరువు పెరిగేది, మలుపు దగ్గర తేలికయ్యేది. ఏడుస్తూనే స్టీరింగు తిప్పాను. వెనక నుంచి మా అత్త, స్పృహ ఉందో లేదో, నెమ్మదిగా అంది:

"భయపడమాకే. తోలేది మావాడేగా."

గురజాల ఆసుపత్రిలో సూది మందు వేశారు. ప్రాణానికి గండం లేదని డాక్టరు చెప్పింది మరుసటి రోజు.

ఆ రోజే ఆసుపత్రి ముందున్న కారును చెట్టు నీడకు మారుద్దామని వెళ్లాను. స్టార్టయింది. తొక్కితే పెడల్ నేలకు ఆని అక్కడే పడివుంది. ఇంజను సన్నగా కొట్టుకుంటోందే తప్ప లేవలేదు. నలుగురి చేత తోయించి, మెకానిక్ మస్తాన్ షెడ్డుకు చేర్చాను.

అతను గొట్టంలోంచి వైరును రెండు ముక్కలుగా లాగాడు. తెగిన చివర్లు రెండూ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

"ఇది నిన్నా మొన్నా తెగింది కాదమ్మా. ఎట్టా వచ్చారు దీంట్లో?"

నడుపుకుంటూ వచ్చామన్నాను. తెగిన పోగులు గొట్టంలో చిక్కుకుని లాగాయేమోనన్నాడు. ఆ ముక్కల్ని మళ్లీ గొట్టంలో పెట్టి పెడల్ నొక్కి చూశాడు. రేకు కదల్లేదు. ఇంకోసారి చూశాడు. తర్వాత కొత్త వైరు బిగించాడు.

అత్తను ఇంటికి తీసుకొచ్చేటప్పుడు తను ముందు సీట్లో కూర్చుంటానంది. కొత్త వైరుతో కారు చెప్పినట్టు విన్నది. సగం దారి దాకా ఆమె నా కాళ్ల వైపే చూస్తూ కూర్చుని, చివరికి అడిగింది.

"ఇయ్యాల రాలేదేందే వాడు?"

నేను పెడల్ మీది నా కాలి వైపు ఒకసారి చూసుకుని, మళ్లీ రోడ్డు వైపు తిరిగాను.

ఆ కారును తర్వాత చానా ఏళ్లు నేనే నడిపాను. వెంట ఎవరూ లేనప్పుడు చెప్పు విడిచి, వట్టికాలు పెడల్ మీద ఉంచేదాన్ని. తొక్కకుండా కాసేపు ఆగేదాన్ని. ఇంజను కొట్టుకుంటూ ఉండేది. చివరికి నేనే నొక్కాల్సి వచ్చేది.

దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. అది ఏమిటో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.