వయా చాగలమర్రి

వయా అనే మాటంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఇంగ్లీషువాళ్లు దాన్ని లాటిన్ నుంచి తెచ్చుకున్నారు. అక్కడ దాని అర్థం దారి, అంతే. మనం బస్సు బోర్డుకు ఎక్కించుకున్నాం. ‘మీదుగా’ అని చక్కటి మాట ఉండగా, నంద్యాల బస్టాండులో అక్షరం రాని ముసలాయన కూడా "వయా ఏందప్పా?" అనే అడుగుతాడు. బస్సుల వరకైతే సరే. ఉద్యోగం వచ్చిందన్నా, సంబంధం కుదిరిందన్నా ‘వయా ఎవరు?’ అంటారు. ఆ మాట వినబడిన చోట మధ్యలో ఎవడో ఒకడు నిలబడి ఉంటాడు.

మా మేనత్త విషయంలో ఆ ఒకడు జ్యోతిష్కుడు. అత్తది ఆళ్లగడ్డ. కంట్లో శుక్లం ముదిరింది, ఇంకా ఆలస్యమైతే కన్ను దక్కదన్నారు. ఆపరేషన్ చేసే డాక్టరు నంద్యాలకు వచ్చేది మంగళవారాల్లోనే. ఆళ్లగడ్డకు నంద్యాల ఉత్తరం. మంగళవారం ఉత్తరానికి వారశూల, ప్రయాణం కూడదట. అలా కొన్ని మంగళవారాలు పోయాక నేనే వెళ్లాను.

"వయా చాగలమర్రి అయితే వస్తా," అంది.

"చాగలమర్రి దక్షిణం గదత్తా! నంద్యాలకు వీపు తిప్పి పోతామా?"

"ఆడికి పోయి, ఆన్నించి బయలెల్లితే తప్పుల్యా. ఇల్లు ఇడిసేటప్పుడు ఉత్తరానికి పోగూడదంతే. అయ్యవారు చెప్పినాడు."

"మళ్లా ఈ ఊరి మీదనే గదా పోయేది? శూలకు కండ్లు ల్యావా?"

"నీకుండాయి గదా, నువ్వు సూసుకో."

వాదిస్తే ఈ మంగళవారమూ పోయేట్టుంది. తెల్లవారగానే చాగలమర్రి వెళ్లి, టీ తాగి, నంద్యాల బస్సెక్కాం.

దారిలో అడిగింది: "కంట్లో సూది పెడ్తారంటనా?"

అప్పుడు నా అనుమానం అయ్యవారి మీది నుంచి అత్త మీదికి మళ్లింది. ప్రతి వారమూ ఆయన్ను వెతుక్కుంటూ పోయింది ఈమే కదా!

ఆళ్లగడ్డలో బస్సు ఆగగానే సంచి అందుకుంది. "నాకు బాగనే కనపడ్తాంది. దిగుతా."

గ్రహాల మీద, దిక్కుల మీద నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసాలేవీ అక్కడ పనికిరావు.

"దిగు. మళ్లా ఎక్కితే మాత్రం ఈ ఊర్నించే ఉత్తరానికి బయలెల్లినట్లు. ఇప్పుడైతే చాగలమర్రి నుంచి వస్తాండాం."

కూర్చుంది. "దొంగసచ్చినోడా, నువ్వు ఇయన్నీ నమ్మవు గదరా," అంది. నా మణికట్టు మాత్రం గట్టిగా పట్టుకుంది.

బస్సు కదిలింది. సూది ఎంత పొడుగుంటుందో, నొప్పి తెలియకుండా ఏం చేస్తారో, కట్టు ఎప్పుడు విప్పుతారో ఒక్కొక్కటే అడిగింది. ఇన్నాళ్లూ ఎవరూ ఆమెకు చెప్పని ఆ సంగతులు నాకు తెలిసినంతలో చెబుతూ నంద్యాల దాకా వెళ్లాను.