వరద ఊరికి పులిహోర

మా ఆయన పొద్దున్నే కాఫీతో పాటు ప్రపంచంలోని విపత్తులన్నీ తాగుతారు. మయన్మార్ భూకంపం, లాస్ ఏంజెలెస్ మంటలు, టెక్సాస్ వరద, ఏదైనా సరే వీడియోతో సహా మేముండే ఆష్‌బర్న్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి చేరేది ఆయన చేతి మీదుగానే. అందుకే నార్త్ కరోలినా కొండల నుంచి డోనా "మళ్ళీ తెరిచాం, రండి" అని మెసేజ్ పెట్టగానే, వెళ్దాం అన్నదీ ఆయనే.

ప్రతి అక్టోబరులో ఆకుల రంగులు చూడడానికి వెళ్ళి మేం దిగేది ఈ డోనా లాడ్జిలో. పైన ఆరు గదులు, కింద చిన్న కాఫీ హోటల్, వెనక నది. ఆ మధ్య తుపాను వానలకి ఆ నది పొంగి కింది భాగమంతా కప్పు దాకా మునిగింది. ఆ తర్వాత వెళ్ళడం ఇదే మొదటిసారి.

"వరదొచ్చిన ఊరికెళ్ళి వాళ్ళ మీద పడి తింటామా?" అన్నారు ఈయన. నాకూ అది సబబే అనిపించింది. బుడమేరు పొంగి విజయవాడలో మా అక్క మేడ మీద చిక్కుకుపోయినప్పుడు, పడవలో వచ్చిన పులిహోర పొట్లం రుచి ఇప్పటికీ చెబుతుంది. కష్టంలో ఉన్న ఇంటికి మనం వండి పట్టుకెళ్తాం గాని, వాళ్ళ చేత వండించుకోం కదా. కాబట్టి రెండు పెద్ద ట్రేల పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, రైస్ కుక్కర్, నీళ్ళ సీసాలు, అన్నీ డిక్కీలోకెక్కాయి. పదహారేళ్ళ మా నిత్య అది చూసి, "అమ్మా, మనం ట్రిప్‌కి వెళ్తున్నామా, హౌస్ మూవ్ చేస్తున్నామా?" అంది.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి బయల్దేరాం. అరవై ఆరో నంబరు హైవే మీద నుంచి ఎనభై ఒకటి ఎక్కితే చాలాసేపు అదే దారి. టోల్ లేదు గాని ట్రక్కులు విపరీతం. పదకొండున్నరకి ఒక రెస్ట్ ఏరియాలో ఆగి బెంచీ మీద పులిహోర విప్పాం. పక్కన ట్రక్కు డ్రైవరొకాయన శాండ్‌విచ్ తింటున్నాడు. ఏం తీసుకెళ్తున్నారని అడిగితే, కొండల్లోకి తలుపులూ కిటికీలూ అన్నాడు.

"తలుపులు పెట్టుకుంటున్నారంటే ఊరు లేచినట్టే" అన్నాడు తృప్తిగా.

టెన్నెస్సీ దాటి కొండ ఎక్కుతుంటే కొన్ని వంతెనల దగ్గర ఇంకా పని జరుగుతోంది, నెమ్మదిగా వెళ్ళాలి. నది పక్క చెట్ల కొమ్మల్లో, మనిషికి అందనంత ఎత్తున, ప్లాస్టిక్ పేలికలు వేలాడుతున్నాయి. నీళ్ళు అక్కడి దాకా వచ్చాయన్నమాట. కానీ పైన కొండలు మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా, పచ్చగా, పసుపుగా మెరుస్తున్నాయి.

నాలుగు దాటాక చేరాం. డెబ్భై ఏళ్ళ డోనా నన్ను కావిలించుకుని వదల్లేదు. మెట్ల దగ్గర నిలబడే అంతా చెప్పింది. బురద ఎత్తిపోసి, కొత్త గచ్చు వేసి, వసంతంలో హోటల్ తెరిచారట. నడిపేది ఆమె కూతురు ఎలెన్. రోడ్లు ఇంకా మూసే ఉన్నాయనుకుని జనం రావడం లేదట. ఈ అక్టోబరులో కుర్చీలు నిండకపోతే చలికాలానికి ముందే తాళం పెట్టేస్తారు, ఎలెన్ షార్లెట్‌లో ఉద్యోగానికి పోతుంది.

గదిలోకి రాగానే ఈయన, "విన్నావుగా, ఇంత కష్టంలో ఉన్నారు. మనం అస్సలు ఇబ్బంది పెట్టకూడదు" అన్నారు. నేనూ బుద్ధిగా కుక్కర్ ప్లగ్ పెట్టాను. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

శనివారం పొద్దున్నంతా నది ఒడ్డున నడిచాం. మధ్యాహ్నం కారులో ఉన్న రెండో ట్రే తీసుకుని పైకి బయల్దేరాం. మెట్లెక్కాలంటే హోటల్‌లోంచే వెళ్ళాలి. లోపల ఒక్కరూ లేరు. ఎలెన్ తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోంది. మా చేతుల్లో ట్రే చూసి, గుడ్డ పక్కన పెట్టి, మెల్లగా అడిగింది.

"నీళ్ళ గురించి భయమా? టెస్ట్ చేయించాం. ఇప్పుడు బాగున్నాయి."

ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను సిగ్గుతో చంపేసింది. నిత్య వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని తెలుగులో అంది, "డాడీ, వీళ్ళకి ఫుడ్ ఉంది. తినేవాళ్ళే లేరు."

ఈయన ట్రే బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒక గ్లాసు నీళ్ళు ఇస్తారా? పంపు నీళ్ళే" అన్నారు. ఇంటి నుంచి సీసాలు మోసుకొచ్చిన మనిషి గటగటా తాగేసి, గ్లాసు మళ్ళీ చాపారు. ఎలెన్ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాత తిన్నాం చూడండి! బెండకాయ వేపుడు, మొక్కజొన్న రొట్టె, పచ్చి టమాటా ముక్కలు పిండిలో ముంచి వేయించినవి. మనలాంటి శాకాహారులు వెళ్తే చిక్కుళ్ళలో మాంసం వేయొద్దని ముందే చెప్పండి, విడిగా వండి పెడతారు. పులిహోర వృథా కాలేదు. బల్ల మీద పెడితే తల్లీకూతుళ్ళు రెండేసిసార్లు వడ్డించుకున్నారు. మిరపకాయ కొరికి డోనా పంపు నీళ్ళు నాలుగు గ్లాసులు తాగింది. ఆ రాత్రీ, ఆదివారం పొద్దునా మా తిండి అక్కడే. కుక్కర్ మళ్ళీ డిక్కీలోకి పోయింది.

ఆదివారం పదింటికి తిరుగు ప్రయాణం. డ్రైవింగ్ నేను తీసుకున్నాను. వరదొచ్చిన ఊరిని ఓదార్చడానికి వెళ్ళి, కడుపు నిండా తిని వస్తున్నాం. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా తిరిగొచ్చిన ట్రిప్ ఇంకోటి గుర్తు లేదు. ఈయన పక్క సీట్లో కూర్చుని, ఎలెన్ వడ్డించిన ప్లేటు ఫోటో గ్రూపులో పెట్టారు. కింద లాడ్జి అడ్రసు, అంతే. నిమిషంలో ఆష్‌బర్న్ వదిలి పిస్కాటవేకి మారిన మిత్రుడి నుంచి జవాబు వచ్చింది.

"అన్నయ్యా, ఈసారి ఎక్కడ మునిగింది?"

ఈయన టైప్ చేస్తూ నాకు పైకి చదివి వినిపించారు.

"ఎక్కడా మునగలేదు. వచ్చే శనివారం మీరందరూ ఈ అడ్రసుకి వెళ్ళండి. రైస్ కుక్కర్ ఇంట్లో పెట్టి, బాగా ఆకలి మీద వెళ్ళండి."