పరుపుబండ మీద ఉలవలు

భూమి లోపల ఏముందో చెప్పడానికి వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కళ్యాణదుర్గం దాటాక మా చేను పక్కన నేలకు సమంగా పరుచుకున్న పెద్ద పరుపుబండ ఉంది. మాకు కళ్ళం అంటే అదే. కోసిన ఉలవచెట్లను దాని మీద పరిచి ట్రాక్టరు తిప్పుతాం. తిండిగింజలు రాలే చోటు కాబట్టి చెప్పులతో ఎవరూ ఎక్కరు.

అనంతపురం నుంచి వచ్చిన సర్కారు సారు మాత్రం బూట్లతోనే ఎక్కాడు. భూకంపాల అలలను కొలిచే యంత్రాన్ని బండకు బిగించి చుట్టూ కంచె వేశాడు. "సర్కారు పని అంటాండారు, యట్ల కాదంటాము?" అని మా నాయన తలూపాడు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వేరుశనగ నిలువునా ఎండిపోయింది. చివర్లో చల్లిన ఉలవ ఒక్కటే చేతికొచ్చింది. మాకు తిండి, ఎనుములకు పొట్టు, మళ్ళీ ఏటికి విత్తనం అంతా అదే. బండ మీద పరిచి ట్రాక్టరును పిలిపించిన పొద్దున సారు జీపులో వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఎక్కడో దూరాన భూమి కదిలిందట. వెనకే ఇంకో కదలిక వస్తుందట. ట్రాక్టరు తిరిగితే దాని జాడ చిక్కదట.

"యాడికి ఊరి దగ్గర ఇంగో మిషను పెట్టినారు గదా, ఆడ పట్టుకోండి," అన్నాను.

"అక్కడ సున్నపురాయి పొరలమ్మా. ఒక పొరలో నెమ్మదించి, ఇంకో పొర దగ్గర విరిగి, అల చెదిరిపోతుంది. ఇక్కడ లోతు దాకా గట్టిరాయే. ఎంత దూరం నుంచి వచ్చినా బలం పెద్దగా తగ్గదు. రెండింటినీ పోల్చాలి. అంతవరకు తారురోడ్డు మీద నూర్చుకోండి."

బస్సుల కింద, డీజిలు మరకల్లో మా తిండి దొర్లాలన్నమాట!

"మబ్బు పట్టుండాది సారూ. వాన పడితే?"

"ఈ జిల్లాలో వానా?" అని నవ్వాడు. ఆ నవ్వు చచ్చేదాకా మరిచిపోను. సారు కబురు చేసేదాకా ఆగుదామని నాయన ట్రాక్టరును వెనక్కి పంపించాడు, సారు అనంతపురం వెళ్ళిపోయాడు.

మూడోనాడు వాన పడనే పడింది. కప్పిన పట్టలు చాలలేదు. బండలో నీళ్ళు ఇంకవు, పరిచిన ఉలవచెట్ల కిందే నిలిచాయి. కాయలు బూజుపట్టి నల్లబడ్డాయి. ఎనుములు కూడా మూతి పెట్టలేదు.

తర్వాత సారు ల్యాప్‌టాప్ పట్టుకుని సంబరంగా వచ్చాడు. తెర మీద గీత చూపించాడు. "ముందు సన్నగా ఉందే, అది భూమి పెంకు అడుగునుంచి పరుగెత్తి వచ్చిన అల. వెనక లావుగా ఉన్నది పెంకులోనే పైకీ కిందికీ తగులుకుంటూ వచ్చింది. ఎంత శుభ్రంగా ఉందో చూడండి!"

గీత చివర గరుకుగా ఉంది. "ఇదేంది?" అన్నాను.

"వాన చినుకుల అదురు. మన అదృష్టం, అల వానకు ముందురోజు పొద్దున్నే వచ్చేసింది. అనంతపురంలో కూర్చునే ఫోన్లో చూశాను."

ముందురోజు పొద్దున. అల వచ్చాక కూడా పొద్దుగూకేదాకా ఎండ కాసింది. మేం ఆ రోజంతా కంచె పక్కన కాచుకుని కూర్చున్నాం.

"అంత దూరం నుంచి అల వచ్చినాది. అనంతపురం నుంచి నీ మాట ఒగటి రాలేకపాయనా? ఒక్క ఫోను చేసింటే నూర్చుకునింటాం గదప్పా!"

సారు ల్యాప్‌టాప్ మూసి, నష్టపరిహారానికి పైవాళ్ళకు రాస్తానని ఏదో గొణిగాడు. నాయన లేచి వెళ్ళి కంచె తలుపు బార్లా తెరిచాడు.

"మీ మిషను పెరుక్కోని పోండి సారూ," అన్నాడు. "బూట్లు ఈడ ఇడిసి ఎక్కండి."