చెవికి దూది

మొన్న శ్రావణంలో రెండో శుక్రవారం, ఉదయం ఆరూ ఇరవైకి పలమనేరులో తిరుపతి బస్సెక్కాను. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ వైపు ఒక తల్లి, నడుమ ఆరేళ్ల కూతురు, ఈ చివర నేను.

"నీ పేరేమే పాపా?" అని రెండుసార్లు అడిగాను. పిల్ల తల తిప్పలేదు.

"అబ్బో, ఏం పొగరే నీకు!" అని నవ్వాను.

"పొగరు గాదవ్వా. ఆ పక్క సెవి ఇనపడదు, ఈ పక్కది సగమే" అంది తల్లి. "మూడేండ్లప్పుడు సీము కారింది. యాడుండేది అన్నాడు డాక్టరు. ఎస్సీ కాలనీ అంటిని. మీ పిల్లోళ్లకు ఇది మామూలేలే, దూది పెట్టుకో పో అన్నాడు. మళ్లా రెండుతూర్లు పోయినా దూదే."

ఏ డాక్టరని అడిగాను. మా మనవణ్ణి చూసే ఆయనే. వాడికీ ఒకసారి చెవిలో చీము పట్టింది. మమ్మల్నీ ఏ వీధి అని అడిగాడు. బజారు వీధి అనగానే, "చెవితో ఆటలొద్దమ్మా" అంటూ యాంటీబయాటిక్ రాశాడు. తగ్గిపోయింది.

ఆ సంగతి ఆమెకు చెప్పాను.

"దానికి మందుండాదని కూడా మాకు చెప్పలేదే అవ్వా" అంది.

డాక్టరు ఒకడే, జబ్బు ఒకటే. మా మనవడికి వారం రోజుల బడి పోయింది. ఆ పిల్లకు ఒకటిన్నర చెవి పోయింది.